నిమ్మకాయ వాసన చూడ్డానికి నాసిక్ దాకా పోయొచ్చాం: పర్యాటక, ఉద్యాన శాఖల వారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖ, ఉద్యాన శాఖ అధికారులకు,

నెల్లూరు జిల్లా పొదలకూరు మండలం నుంచి ఒక రిటైర్డ్ తెలుగు టీచరు నమస్కారాలతో రాస్తున్న లేఖ.

ముందే ఒక సంగతి ఒప్పేసుకుంటాను. ఈ ఏడాది ఫిబ్రవరిలో నేనూ మా ఆయనా వైన్స్‌లో రెండు రాత్రులు పడుకుని వచ్చాం. ఈ మాట ఫోన్లో చెప్తే మా తోడికోడలు కాసేపు నోరు మెదపలేదు. తర్వాత "ఏందక్కా, అరవై దాటినాక ఇదేం పోయేకాలం!" అనింది. ఆమె తప్పేం లేదు. మన జిల్లాల్లో వైన్స్ అంటే ఇనుప కమ్మీల కిటికీ, దాని ముందు చేతులు చాపి తోసుకునే మగవాళ్లు, పక్కన ప్లాస్టిక్ గ్లాసులూ శనగలూ అమ్మే బండి. బోర్డు మీద వైన్స్ అని రాసుంటుంది గానీ, అక్కడ నిజంగా వైన్ అడిగినవాణ్ణి నేనైతే చూళ్లేదు.

మేం పోయింది అట్లాంటి చోటికి కాదు. నాసిక్ దగ్గర ఒక ద్రాక్షతోట. ఆ తోట కాయతో అక్కడే వైన్ చేస్తారు, వచ్చినవాళ్లను కూర్చోబెట్టి రుచి చూపిస్తారు, రాత్రికి తోటలోనే గది ఇస్తారు. పూణేలో ఉద్యోగం చేసే మా అమ్మాయి త్రయంబకేశ్వరం తీసుకుపోతానంటే బయల్దేరాం. కుశావర్తంలో స్నానం, స్వామి దర్శనం అయ్యాక "అమ్మా, మంచి తోటలో రూము చూశా, ప్రశాంతంగా ఉంటది" అంది. ఏం తోటో చెప్పలేదు. గేటు దగ్గర పెద్ద చెక్కపీపా, దానిమీద ద్రాక్షగుత్తి బొమ్మ చూశాక నాకు అర్థమైంది. మా ఆయన మాత్రం నుదుటి విభూతి కూడా చెరగనీయకుండా కౌంటర్లో పిల్లవాణ్ణి "కాఫీ దొరుకుద్దా?" అని అడిగాడు.

మీరు అడగొచ్చు, ముసలివాళ్ల యాత్రా విశేషాలు మాకెందుకని. కొంచెం ఓపిక పట్టండి.

నేను 1991లో మా జిల్లా అక్షరదీపం అనే అక్షరాస్యత ఉద్యమంలో రాత్రిబడి నడిపినదాన్ని. పగలు కూలికి పోయి వచ్చిన ఆడవాళ్లు లాంతరు చుట్టూ కూర్చుని అక్షరాలు దిద్దేవాళ్లు. చదువు నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు నాలుగు రోజులకే అడగడం మొదలుపెట్టారు: తాగేనీళ్లకు మైలు నడవాల్సిన మా ఊరికి సారా ప్యాకెట్టు మాత్రం గుమ్మం దాకా ఎట్లా వస్తుంది టీచరమ్మా అని. నా దగ్గర జవాబు లేదు. వారుణి వాహిని అని ముద్దుపేరు పెట్టి సర్కారే సారా పారించిన రోజులవి. మా జిల్లాలోనే దూబగుంట అనే ఊళ్లో రోశమ్మ, ఆమె తోటి ఆడవాళ్లు సారాను ఊళ్లోకి రానీయలేదన్న కబురు వాచకంలో పాఠంగా మా చేతికొచ్చింది. ఆ పాఠం చెప్పిన మర్నాడే మా ఊరి ఆడవాళ్లు ప్యాకెట్ల సంచి గుంజుకుని రోడ్డు మీద పారబోశారు. 1992లో నెల్లూరులో సారా వేలంపాటలు ఎన్నిసార్లు వాయిదా పడ్డాయో అప్పటి కలెక్టరాఫీసు గోడలు చెప్తాయి. ఆ గోడల ముందు రోడ్డు మీద నేనూ కూర్చున్నా. 1993 ఏప్రిల్ 15న జిల్లాలో సారా ఆగింది, అక్టోబరు 1న రాష్ట్రమంతా ఆగింది. 1995 జనవరిలో మొత్తం మద్యనిషేధమే వచ్చింది. 1997లో దాన్ని ఎత్తేశారు. ఆ వివరాలు మీ ఫైళ్లలోనే ఉంటాయి, నేను చెప్పక్కర్లేదు. మా అక్క మొగుడు సారాతోనే పోయాడు. నిషేధం వచ్చేటప్పటికి ఆయన పోయి ఏడాదైంది.

అట్లాంటిదాన్ని నేను పీపాల మధ్య నిలబడ్డాను. ఒళ్లు జలదరించిందంటే నమ్మండి.

గది బాగుంది. వరండాలో కూర్చుంటే తీగలకు పాకించిన ద్రాక్ష వరసలు కొండ దాకా కనపడతాయి. ఆ చుట్టుపక్కల తోటలకు నీళ్లు గోదావరిమీద కట్టిన గంగాపూర్ డ్యామువి. రాజమండ్రి దగ్గర అవతలి ఒడ్డు ఆనని గోదావరమ్మ అక్కడ ఇంకా చిన్నపిల్ల. ఫిబ్రవరి కోతకాలం గనక తెల్లవారక ముందే తోటలో మనుషుల అలికిడి. కాయ చల్లగా ఉండగానే కోసి లోపలికి చేర్చాలట. వైన్ ద్రాక్ష మనం తినే థామ్సన్ సీడ్‌లెస్ లాగా ఉండదు, చిన్నకాయ, మందం తోలు, గింజ. నోట్లో వేసుకుంటే తియ్యగానే ఉంటుంది గానీ తోలు వగరు. చలిదేశాల్లో ద్రాక్షతీగ చలికాలమంతా నిద్రపోతుంది. నాసిక్‌లో దానికి నిద్ర ఉండదు. ఏప్రిల్‌లో ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి, ఏటా రెండు కత్తిరింపులు చేసి తమకు కావలసిన నెలలో కాయ దించుకుంటారు. ఇది వినగానే మా ఆయన నిటారుగా కూర్చున్నాడు. మా తోటలో మేం చేసేదీ అదే. వానలు వెనకపడే వేళకి నిమ్మచెట్టుకు నీళ్లు ఆపి, ఆకు వాడేలా చేసి, మళ్లీ నీళ్లిచ్చి పూత తెప్పిస్తాం. దాన్నే హస్త బహార్ అంటారు. ఆ కాయ ఎండలు ముదిరే వేళకు మార్కెట్‌కొస్తుంది. ఇద్దరమూ చెట్టును మోసం చేసి బతికేవాళ్లమే అని ఆయన తోటమాలితో హిందీ కాని హిందీలో చెప్పుకున్నాడు.

రుచి చూసే గది సంగతి చెప్పాలి, ఈ లేఖ అంతా దాని గురించే. ముందు లోపలంతా తిప్పారు. తెల్ల వైన్‌కు కాయను పిండి తోలు తీసేస్తారు, ఎర్ర వైన్‌కు తోలుతోనే పులియబెడతారు, రంగంతా తోలులోంచే దిగుతుంది. మనిషికి రెండింతల ఎత్తున్న స్టీలు ట్యాంకులు, పులిసేటప్పుడు వేడెక్కకుండా వాటికి చల్లదనం ఏర్పాటు. అవతలి గదిలో ఓక్ చెక్క పీపాలు, ఒక్కొక్కటి 225 లీటర్లు, వరసగా పడుకోబెట్టి. తర్వాత పొడవాటి బల్ల దగ్గర నిలబెట్టి ఒక్కొక్కరి ముందు ఆరు గ్లాసులు పెట్టారు. ఒక్కో గ్లాసులో అడుగు తడిసేంతే పోశారు. చిన్న ఉగ్గుగిన్నెడు కూడా ఉండదు. పోసే పిల్లవాడు గ్లాసును చూడమన్నాడు, తిప్పమన్నాడు, వాసన పట్టమన్నాడు, ఆఖరుకు గుక్క తీసుకుని నోట్లో ఆడించమన్నాడు. వద్దనుకుంటే ఉమ్మేయడానికి బల్లమీదే ఒక పాత్ర. నేను అది మరీ దగ్గరికి జరుపుకున్నాను.

అదే 1992లో మా ఊళ్లో సారా ప్యాకెట్టు కొరికి గొంతులో పోసుకునేవాడికి వాసన పట్టే తీరిక ఉండేది కాదు. పోసినవాడికి చెప్పడానికీ ఏమీ ఉండేది కాదు. ఇక్కడి పిల్లవాడు మాత్రం అరగంట మాట్లాడాడు. ఈ వాలు, ఈ మట్టి, ఆ ఏడు వాన ఎంత, ఏ వారం కోశారు. ఇరవై నాలుగేళ్లుంటాయేమో, పక్కూరి రైతుబిడ్డే.

నాలుగో గ్లాసో ఐదో గ్లాసో సరిగా గుర్తులేదు, సావిన్యాన్ బ్లాంక్ అనే తెల్ల వైన్ వచ్చింది. పిల్లవాడు ముక్కు గ్లాసులో పెట్టి కళ్లు మూసుకుని, "ఇందులో ఏ వాసన తెలుస్తోంది?" అని అందరినీ అడిగాడు. ముంబై నుంచి వచ్చిన జంట ఏదో పూల పేరు చెప్పారు. పిల్లవాడు తల ఊపి, "నిమ్మకాయ! తాజా నిమ్మతొక్క!" అన్నాడు. అందరూ మళ్లీ వాసన చూసి "అవునవును" అని మురిసిపోయారు. మా ఆయన గ్లాసు ఎత్తి చూశాడు, దించాడు, నా వైపు తిరిగి మెల్లగా అన్నాడు: "ఏమే, మన కాయ వాసన లీలగా వస్తే దీనికి మనిషికి ఇన్ని వందలా? నిరుడు బస్తాలకు బస్తాలు తీసుకుపోతే కోత కూలి రాక గట్టున పోసొచ్చామే."

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మంచం మెత్తదనం ఒక కారణం, బయట పచ్చికలో పదకొండు దాకా మోగిన పాటలు ఇంకో కారణం. అసలు కారణం మాత్రం ఆ గ్లాసే.

అయ్యా, అమ్మా, మీకు నిమ్మ గురించి నేను చెప్పనక్కర్లేదు. ఉద్యాన విశ్వవిద్యాలయానికి వెంకటగిరి దగ్గర పెట్లూరులో నిమ్మ పరిశోధన స్థానమే ఉంది. పొదలకూరు, గూడూరు, రాపూరు, సైదాపురం వైపు పోతే ఎండాకాలం నిమ్మ వాసన రోడ్డు మీదికే వస్తుంది. లారీలు ఢిల్లీ దాకా పోతాయి. కానీ ఆ కాయకు పేరు లేదు. ఢిల్లీలో కొనుక్కున్నామె దాన్ని నింబూ అంటుంది, అంతే. మాకు ధర ఎవరు కట్టారో, ఎందుకు కట్టారో మార్కెట్లో నిలబడ్డా తెలీదు. గజ్జి తెగులు మచ్చ తోలు మీద ఒక్కటి కనపడితే కాయ పక్కకుపోతుంది, లోపల రసం అదే రసమైనా సరే. నాసిక్ గదిలో ఆ మచ్చకాయనే చేతిలో పెట్టి "ఇది ఎందుకిట్లా అయిందో చెప్తా వినండి" అని ఉంటే జనం చెవులు రిక్కించేవాళ్లు.

అందుకే అడుగుతున్నా. నెల్లూరు జిల్లాలో నిమ్మకు ఒక రుచి గది పెట్టండి. పెట్టడం మీ వల్ల కాకపోతే రైతులు పెట్టుకోవడానికి దారి వదలండి.

నవ్వకండి. ఏముంటుంది నిమ్మలో చూడ్డానికి అంటారేమో. పచ్చికాయ వేరు, చెట్టు మీద పండి పసుపెక్కిన కాయ వేరు. ఒకదానిది చురుకు, రెండోదానిది నిండుతనం. పక్కపక్కన కోసి నాలుక మీద రెండేసి చుక్కలు పిండితే ఢిల్లీ మనిషి కూడా తేడా పట్టేస్తాడు. ఆ తర్వాత గజనిమ్మ, దబ్బకాయ, నారింజ. దబ్బాకు నలిపి వాసన చూపించండి, మజ్జిగలో వేసివ్వండి. చివర్న జాడీలు తెరవండి. వాళ్లకు ఓక్ పీపాలుంటే మనకు జాడీలు లేవా? ఈ ఏడు పెట్టిన ఊరగాయ పసుపురంగులో కరకరలాడుతుంది. రెండేళ్లది ఎర్రబారి మెత్తబడుతుంది. మా అత్తగారు పెట్టి పోయిన జాడీ ఒకటి అడుగున ఇంకా నాలుగు బద్దలుంది, నల్లగా, తారులాగా, జ్వరమొచ్చి నోరు చెడ్డవాళ్లకు గోరంత పెడతాం. దాన్ని ఏ దుకాణంలోనూ ఏ ధరకూ కొనలేరు. ఒక్కో జాడీ ముందు నిలబెట్టి "ఇది ఎప్పటిదో చెప్పండి" అని అడగాలి. మొలగొలుకుల అన్నం చిన్న ముద్దతో పెట్టాలి. ఉమ్మేసే పాత్ర మన గదిలో అక్కర్లేదనుకుంటా.

గదుల సంగతి. నాసిక్‌లో రుచి గదికి పడకగదులు ఎందుకు కట్టారో మా అమ్మాయి చెప్పింది: తాగినవాళ్లు కారెక్కి ముంబై దారి పట్టకుండా. మన దగ్గర ఆ భయం లేదు గానీ, తోటలో రాత్రి ఉంటే తప్ప తెలియనివి కొన్ని ఉన్నాయి. నిమ్మపూత వాసన తెల్లవారుజామునే బాగుంటుంది, ఎండెక్కితే పోతుంది. కోతకు పోయే కూలీలతో కలిసి పొద్దున్నే పోతే ముల్లు గుచ్చుకుని, కిలో నిమ్మకాయ అంటే ఏంటో చేతికే తెలుస్తుంది. పక్కనే కండలేరు జలాశయం ఉంది. మద్రాసుకు తాగేనీళ్లు అక్కడినుంచి కూడా పోతాయి. ఆ కట్ట మీద సాయంత్రం నడిచినవాడు ఇంకో రోజు ఉంటాడు.

ఇక్కడ ఒక ఫిర్యాదు ఉంది, పేరు చెప్పను. నిరుడు మా బంధువులొస్తే మన వైపే సముద్రం ఒడ్డున ఒక విడిదిలో దింపాం. గది అద్దె నాసిక్ అంత కాకపోయినా తక్కువేం కాదు. అలలు కనపడాల్సిన కిటికీకి ఏసీ పెట్టె అడ్డం. భోజనంలో చేపల పులుసు అడిగితే గోబీ మంచూరియా ఉందన్నారు. నెల్లూరు జిల్లాలో, సముద్రం పక్కన! ఆ ఊరి గురించి ఒక్క ముక్క చెప్పే మనిషి లేడు. అంత కట్టారు గదా, బల్ల వెనక నిలబడి అరగంట మాట్లాడగల పిల్లవాణ్ణి ఒక్కణ్ణి పెట్టి ఉంటే!

నాసిక్ వాళ్లకు అది ఊరికే రాలేదు. 2001లో మహారాష్ట్ర ప్రభుత్వం ద్రాక్ష, వైన్ పరిశ్రమకు ప్రత్యేకంగా విధానం తెచ్చి సుంకాల్లో వెసులుబాటు ఇచ్చింది. సులా అనే కంపెనీ 2005లో దేశంలోనే తొలి రుచి గది తెరిచింది. మేం దిగింది అక్కడ కాదు, ఇంకో తోట. అంతకుముందు అక్కడ కూడా ద్రాక్ష అంటే పెట్టెల్లో సర్ది లారీ ఎక్కించే సరుకే. సీసా తోటలోనే అమ్మితే మధ్యవాళ్ల వాటా మిగులుతుంది, అది ఒక లాభం. తోట చూసిపోయినవాడు రేపు తన ఊరి దుకాణంలో ఆ పేరు వెతుక్కుంటాడు, అది ఇంకా పెద్ద లాభం. మన రాష్ట్రం 2024-29 పర్యాటక విధానంలో పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇచ్చింది, సంతోషం. ఆ హోదా నాలుగెకరాల నిమ్మతోట గేటు దాకా ఎట్లా వస్తుందో ఎవరైనా తెలుగులో, ఒక పేజీలో, రాసి పంచాయతీ బోర్డుకు అంటించండి. తోటలో నాలుగు గదులు, రెండు మరుగుదొడ్లు, ఊరగాయ అమ్ముకోవడానికి ఒక బల్ల. దీనికి రైతు తిరగాల్సిన ఆఫీసులన్నీ ఒకే చోట, ఒకే రోజు పని ముగించే ఏర్పాటు చూడండి. డబ్బు సాయం తర్వాత మాట్లాడుకుందాం.

పాత ప్రకాశం జిల్లా వాళ్లను వదిలేశానని అనుకోవద్దు, మా తమ్ముడు కనిగిరి వైపే. ఆ నేలలో తాటిచెట్టు ఎంత ఓపికగా నిలబడుతుందో చూసినవాళ్లకే తెలుసు. తెల్లారేలోపు దించిన నీరా, అంటే ఇంకా పులవని తాటిరసం, తేనెలా ఉంటుంది, ఎండెక్కితే కల్లయిపోతుంది. అది ఊరికి రాలేదు గనక మనిషే చెట్టు కిందికి పోవాలి. సున్నం పూసిన ముంతలో పడితే త్వరగా పులవదు. గీత కార్మికుడు మోకు బిగించి పైకి పోవడం, దిగి ముంత వంచడం, ఆ చెట్టు కిందే ఆకు దొన్నెలో పోసివ్వడం, ఇంతకంటే రుచి గది ఏముంది? హైదరాబాద్‌లో 2023లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున నీరా కేఫ్ పెట్టారు. మా తమ్ముడి ఊళ్లో చెట్టే ఉంది, కేఫ్ కట్టే పనిలేదు.

ఇదంతా చదివి మీలో ఒకరు "ఆలోచన బాగుంది, పనిలోపనిగా పండ్ల వైన్ కూడా పెడితే జనం ఇంకా వస్తారు" అనొచ్చు. వద్దు. తాగేవాళ్ల మీద నాకు కోపం లేదు, నాసిక్ పద్ధతి మీద గౌరవమే కలిగింది. కొలిచి పోశారు, వయసు అడిగారు, వద్దన్నవాళ్లను బలవంతపెట్టలేదు. నాకు నచ్చనిదీ ఒకటుంది: తాగనివాళ్లకు ఏముంది అని అడిగితే నీళ్ల సీసా ఇచ్చి దానికీ బిల్లు వేశారు. కానీ ఇది నెల్లూరు. లాంతరు వెలుగులో అక్షరాలు దిద్దిన ఆడవాళ్లు చాలామంది ఇంకా బతికే ఉన్నారు, మనవరాళ్లకు ఆ కథ చెప్తున్నారు. నిమ్మతోటలో రుచి గది తెరిచే రోజు వాళ్లే రిబ్బను కత్తిరించాలని నా కోరిక. గ్లాసులో ఏముందో చూసి వాళ్లు వెనుదిరిగితే ఆ గది నాకొద్దు.

ఇంకోమాట, బల్ల వెనక నిలబడే పిల్లల గురించి. మా బడిలో చదివి, డిగ్రీ అయ్యి, ఊళ్లోనే ఖాళీగా ఉన్నవాళ్లు కనీసం పదిమంది పేర్లు నేనే చెప్పగలను. నిమ్మ గురించి వాళ్లకు నేర్పాల్సింది లేదు, పుట్టింది దానిమధ్యే. పదిమంది ముందు సిగ్గుపడకుండా మాట్లాడటం నేర్పాలి, అంతే. అది నేను నేర్పుతాను. ముప్పై ఏళ్లు అదే పని చేశా, జీతం అడగను.

హస్త బహార్ కాయ మార్చి నెలాఖరుకు దిగుతుంది. అప్పుడు రండి, ఇద్దరో ముగ్గురో చాలు, ఫొటోగ్రాఫరు వద్దు. పొద్దున ఆరింటికి పొదలకూరు నిమ్మ మార్కెట్ దగ్గర ఎవరినడిగినా టీచరమ్మ తోట చెప్తారు. మా ఆయన ఈమధ్య నిమ్మకాయ కోసి ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకోవడం నేర్చాడు. మీకూ అట్లాగే చూపిస్తాడు, ఓపిక పట్టండి. గేటు దగ్గర కుక్క ఉంటుంది, అరుస్తుంది గానీ కరవదు.

ఇట్లు,
రిటైర్డ్ తెలుగు టీచరు, నిమ్మ రైతు (రైతు భార్య కాదు, పాసుపుస్తకం నా పేరుమీదే ఉంది),
పొదలకూరు మండలం, నెల్లూరు జిల్లా.